మూడవ సెమిస్టరు

సెమిస్టరు అనే మాట లాటిను భాషలో పుట్టి, జర్మనీ విశ్వవిద్యాలయాల మీదుగా లోకమంతా తిరిగి మన దాకా వచ్చింది. ఆరు నెలల కాలమని దానికి అర్థం. షణ్మాసం అంటే సరిపోతుంది కానీ, ఆ మాట వింటే మనవాళ్ళకు చదువు గుర్తుకు రాదు, మాసికాలూ తద్దినాలూ గుర్తుకు వస్తాయి. అయనం అనే చక్కని మాట ఒకటుంది గాని, దానిని ఎప్పుడో సూర్యుడికి రాసిచ్చేశాము. కనుక సెమిస్టరు సెమిస్టరుగానే ఉండిపోయింది.

అలాగని చదువును ఏడాదిలో కొంత కాలానికి కట్టివేయడం మనకు కొత్తేమీ కాదు. శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మ చేసి వేదాధ్యయనం మొదలుపెట్టాలనీ, నాలుగున్నర నెలలు చదివి ఆపైన ఉత్సర్జనం చేయాలనీ మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో ఉంది. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశి సెలవులు. విశ్వవిద్యాలయ నిధుల సంఘంవారు ఒక సెమిస్టరుకు 15 నుంచి 18 వారాలు, 90 బోధన దినాలు అన్నారు. లెక్కవేసి చూస్తే ఇద్దరికీ పెద్ద పేచీ లేదు. ఆ పాత సెమిస్టరులో మాలాంటి మగ్గాల ఇండ్ల పిల్లలకూ, ఏ ఇంటి ఆడపిల్లలకూ చోటు లేదన్న తేడా మాత్రం చిన్నది కాదు.

తెలంగాణ డిగ్రీ కళాశాలలలో సెమిస్టరు పద్ధతి 2016-17 విద్యాసంవత్సరంలో అడుగుపెట్టింది. కళాశాలల చుట్టూ తిరగకుండా ఇంటి నుంచే సీటుకు దరఖాస్తు చేసుకొనే 'దోస్త్' కూడా ఆ ఏడే వచ్చింది. అంతకు ముందు మా కాలమంతా వార్షిక పరీక్షలదే. నేను కరీంనగరంలో బి.కాం. చదివినది 1993 నుంచి 1996 వరకు. అప్పటికి శాతవాహన విశ్వవిద్యాలయం లేదు. అది 2008లో వచ్చింది. మా పట్టాలన్నీ వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయం ఇచ్చినవే. జూలైలో చేరితే శివరాత్రి వరకు పుస్తకం తెరిచిన పుణ్యాత్ములు మాలో తక్కువ. మా కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో పసుపు పంటకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. తొలకరికి దుంప నాటితే సంక్రాంతి దాటిన తరువాత తవ్వుతారు, ఉడకబెడతారు, ఎండబెడతారు. మా చదువు కూడా అచ్చంగా పసుపు పంటే. నేలలో ఏమున్నదో చివరి దాకా ఎవరికీ కనిపించదు.

సెమిస్టరు అలా కాదు, మక్కజొన్న లాంటిది. వేసిన నాలుగు నెలలలో కంకి చూపించాలి. చేరిన కొద్ది వారాలకే అంతర్గత పరీక్ష, ఆ వెంటనే అసైన్‌మెంటు, అది తేరుకొనేలోగా పరీక్ష రుసుము కట్టవలసిన తేదీ. పాఠం అర్థం కానివాడికి నిదానంగా అర్థం చేసుకొనే వెసులుబాటు వార్షిక పద్ధతిలో ఉండేది. అర్థం కావడం లేదన్న సంగతి తొందరగా బయటపడే సౌకర్యం సెమిస్టరులో ఉంది. రెండింటిలో ఏది మేలో చెప్పడం కష్టం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అక్క కూతురు బి.కాం. మూడవ సెమిస్టరులోకి వచ్చింది. రాకెట్టు వేగంతో పోతున్న ప్రపంచంలో ఇది వార్త కాదు. కానీ ఆమె ఆ మూడవ సెమిస్టరుకు వెళ్ళాలా, వద్దా అన్నది మా ఇంట్లో పక్షం రోజుల పాటు నడిచిన వ్యాజ్యం.

ఈ ఏడు జంజిరాల పున్నమికి నేను అక్క ఇంటికి వెళ్ళాను. శ్రావణ పూర్ణిమను మా వైపు అలాగే అంటాము. పద్మశాలీలం ఆనాడే జంధ్యం మార్చుకుంటాము, ఆనాడే అక్కచెల్లెళ్ళ చేత రాఖీ కట్టించుకుంటాము. తరగతులు మొదలై అప్పటికి రెండు వారాలు. మేనకోడలు ఇంట్లోనే ఉంది. పండుగ సెలవనుకున్నాను. రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి అక్క చెప్పింది, "అది పోతలేదు తమ్మీ. పోనంటున్నది."

కారణాలు వరుసగా బయటకు వచ్చాయి. బావ మస్కట్‌లో ఉంటాడు, పదిహేనేండ్లుగా. అక్కడ కంపెనీ రెండు నెలల జీతం ఆపింది. కళాశాలలో నిరుటి బోధన రుసుము ఇంకా సర్కారు నుంచి రాలేదు కనుక ప్రస్తుతానికి మీరే కొంత కట్టండని అడుగుతున్నారు. 2008లో వచ్చిన బోధన రుసుముల పథకం మాలాంటి వేల ఇండ్లలో మొదటి పట్టభద్రులను తయారుచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బకాయిలు పేరుకుపోయి 2024లోనూ 2025లోనూ ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపిన సంగతి కూడా అందరికీ తెలిసినదే. సర్కారు దగ్గర ఆగిన పైసలు కళాశాల దగ్గర ఆగవు, పిల్లల మీదికి వస్తాయి. ఈ సందులో జగిత్యాల నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు దుబాయిలో ఉన్నాడట.

ఇన్ని కారణాలలో మేనకోడలు చెప్పిన కారణం ఒక్కటే. నేను అడిగితే చాలాసేపు నేల చూపులు చూసి అన్నది, "సార్ జెప్పేది చెవులకు వినవడ్తది మామా. సమజైతలేదు."

ఇంటర్మీడియెట్ వరకు తెలుగులో చదివిన పిల్ల. డిగ్రీలో మాధ్యమం ఇంగ్లీషు. మొదటి సెమిస్టరులో అకౌంటెన్సీ పోయింది. ఇప్పుడు మూడవ సెమిస్టరు పరీక్షలతో పాటు దానిని మళ్ళీ రాయాలి. దానిని వాళ్ళు బ్యాక్‌లాగు అంటారు. ఆ మాటకు ఇంగ్లీషులో మొదటి అర్థం, పొయ్యి వెనుక భాగంలో పెట్టే పెద్ద మొద్దు. ముందున్న పుల్లలు కాలి బూడిదైనా అది రాత్రంతా రాజుకుంటూ నిప్పును నిలుపుతుందట. ఈ సంగతి చెబితే పిల్ల నవ్వింది. నవ్వి, "నాది రాజుకుంటలేదు, పొగ వస్తున్నది" అన్నది. మాట నేర్చిన పిల్ల, భాష రాక చదువు మానుకుంటానంటున్నది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక ఆలోచిస్తే, మా ఇంట్లో ఈ మాట వినడం ఇది మొదటిసారి కాదని గుర్తుకు వచ్చింది.

మా తాత నిజాము కాలంలో చదువుకున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ప్రాథమిక బడిని తహ్తానియా అనీ, మాధ్యమిక పాఠశాలను వస్తానియా అనీ, ఉన్నత పాఠశాలను ఫౌఖానియా అనీ పిలిచేవారు. ఆ పేర్లు పలకడానికే వారం పట్టిందని తాత చెప్పేవాడు. వస్తానియాలో మొదటి నెలంతా ముందు వరుస పిల్లలు లేస్తే లేవడం, కూర్చుంటే కూర్చోవడం తప్ప వేరే చదువు లేదట. తనతో చేరిన నలుగురు సాలోళ్ళ పిల్లలలో ముగ్గురు ఆ నెలలోనే తిరిగి మగ్గం గుంతలోకి దిగారు. తాత ఒక్కడు మిగిలాడు. తెలివి ఎక్కువై కాదు, ఒక పుస్తకం కుట్టుకొని మిగిలాడు.

ఆ పుస్తకంలోని రెండు మూడు పుటలు నా చిన్నప్పుడు చూశాను. తక్కినది చెదలు తిన్నది. పుటకు కుడివైపున ఉర్దూ మాట, ఎడమవైపున తెలుగు మాట. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. రెండు లిపులూ ఎదురెదురుగా బయలుదేరి పుట నడుమ కలుసుకొనేవి. హాజరు, దరఖాస్తు, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు - ఇటువంటి మాటలకు తాత కష్టపడి తెలుగు అర్థాలు రాసుకున్నాడు. ఈనాడు చూస్తే ఆ రెండు వరుసలలో ఏది తెలుగో తేల్చడం కష్టం. తాతను భయపెట్టిన ఫారసీ అరబ్బీ మాటలు మనుమరాలికి ఇంటి మాటలైపోయాయి. మాట వరకు ఎందుకు, పాఠం సమజైతలేదని ఏడ్చిందే, ఆ 'సమజ్' ఎక్కడిది?

మా పక్క సిరిసిల్ల ప్రాంతంలో, హనుమాజీపేటలో 1931లో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారిది కూడా ఇదే దారి. సిరిసిల్లలో, కరీంనగరంలో ఉర్దూ మాధ్యమంలో చదివి, హైదరాబాదు చాదర్‌ఘాట్ కళాశాలలో ఇంటర్మీడియెట్, ఉస్మానియాలో బి.ఏ. కూడా ఉర్దూలోనే పూర్తిచేశారు. తెలుగు పుస్తకాల కోసం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళి కూర్చొనేవారు. ఆపైన తెలుగులో ఎం.ఏ. చేసి, ఆచార్యులై, 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. బడిలో తప్పనిసరై నేర్చిన భాష వారి దగ్గర తెలుగు గజలై తిరిగి వచ్చింది. అయితే ఇటువంటి కథలు చెప్పేటప్పుడు నాకు కొంచెం జంకు. గట్టు చేరినవారి పేరు చరిత్రకు తెలుస్తుంది. మగ్గం గుంతలోకి తిరిగి దిగిన ఆ ముగ్గురు పిల్లల పేర్లు మా తాతకు మాత్రమే తెలుసు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పాలన్న పట్టుదలతో, దానికంటె ఒక ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను స్థాపించారు. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడం దాని పని. ఆ ఉర్దూ మా తాతల భాష కాదన్నది నిజమే, కానీ చదువు భాష మారుతున్నప్పుడు నడుమ ఒక వంతెన ఉండాలని వారికి తోచింది. 1948 తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆపైన కళాశాల చదువు తెలుగులో చెప్పాలనుకున్నప్పుడు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి, మా కరీంనగరం జిల్లా వంగర వాసి పి.వి. నరసింహారావుగారు దానికి మూలపురుషులు. అది రెండవ వంతెన. నేను ఆ వంతెన మీదుగానే నడిచి బి.కాం. గట్టెక్కాను. జర్నల్ అంటే చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్సు అంటే అంకణా, డబుల్ ఎంట్రీ అంటే జంటపద్దు, డిప్రిసియేషన్ అంటే తరుగుదల. ఎంత ముచ్చటైన మాటలో! (వాటిలో ఆవర్జా కూడా ఫారసీ నుంచి వచ్చినదేనని చాలా ఏండ్ల తరువాత తెలిసింది.)

మా మేనకోడలి తరానికి చదువు భాష మూడవసారి మారింది. ఈసారి వంతెన ఎవరూ కట్టలేదు. కావలసిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ముందే ఉన్నాయి కదా, కొత్తగా అనువదించవలసినది ఏమున్నదని అనుకున్నట్టున్నారు. పుస్తకం ఉంటే చాలదు, పుస్తకానికీ పిల్లకూ నడుమ ఉన్న వాగు కూడా లెక్కలోకి రావాలి. ఇంగ్లీషు వద్దని నేను అనను. అది వస్తేనే ఉద్యోగమని పిల్లకు తెలుసు, తల్లికి అంతకంటె బాగా తెలుసు. పైడికి ఆశపడి వాగు దాటమన్నవారు ఒక పుట్టి కూడా ఇవ్వాలి గదా అన్నదే నా బాధ.

మరునాడు పొద్దున అక్క వాకిట్లో కూర్చొని బీడీలు చుడుతున్నది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. పక్కన టేకేదారు ఇచ్చిన చిన్న లెక్కల పుస్తకం. నేను మేనకోడలిని పిలిచి ఆ పుస్తకం తెరవమన్నాను.

"అక్కా, టేకేదారు నీకు ఆకు ఇచ్చినప్పుడు ఏం రాస్తడు?"

"నా పేరు మీద ఖర్చు రాస్తడు."

"నువ్వు బీడీలు ఇచ్చినప్పుడు?"

"జమ రాస్తడు. ఇచ్చిన ఆకేమో ఎక్కువ రాస్తడు, పుచ్చుకున్న బీడీలేమో తక్కువ రాస్తడు, వాని ఇల్లు పాడుగాను. అందుకే నేను గూడ ఇంట్ల ఇంకో పుస్తకం రాసుకుంట. రెండూ కలవాలె. కలువకుంటే కొట్లాట."

మేనకోడలు చేతిలోని పుస్తకం వంకా, తల్లి వంకా మార్చి మార్చి చూసింది. పుచ్చుకున్నవారి ఖాతాకు డెబిట్, ఇచ్చినవారి ఖాతాకు క్రెడిట్ అన్నది అకౌంటెన్సీలో మొదటి సూత్రాలలో ఒకటి. ఒకరి పుస్తకంలో ఖర్చు అయినది ఇంకొకరి పుస్తకంలో జమ అవుతుందన్నది దాని వెన్నంటి వచ్చే మాట. ఆ సూత్రాన్ని ఇంగ్లీషులో కంఠతా పట్టి, పరీక్షలో తారుమారు రాసి వచ్చిన పిల్ల, అదే సూత్రం మీద తన తల్లి ఇరవై ఏండ్లుగా టేకేదారుతో కొట్లాడుతున్నదని ఆనాడే గ్రహించింది.

"అంటే అమ్మకు డెబిట్, క్రెడిట్ వస్తయా మామా?"

"నీకంటె బాగ వస్తయి. ఇంగ్లీషే రాదు."

ఆ మాటకు అక్క చుడుతున్న బీడీ ఆపి, "ఏందిరా నన్ను జూసి నవ్వుతున్నరు" అన్నది. ఎవరం నవ్వడం లేదు.

ఆనాడు మధ్యాహ్నం కోరుట్ల బజారుకు వెళ్ళి ఒక పెద్ద నోటుపుస్తకం కొని తెచ్చాము. మా తాత పుస్తకం సంగతి చెబితే, పుటకు రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేసింది పిల్ల. మొదటి గడిలో ఇంగ్లీషు మాట. నడిమి గడిలో తెలుగు అకాడమీ మాట, అది నా వంతు. మూడవ గడి ఎందుకని అడిగితే, "అమ్మ మాట కోసం" అన్నది. ఆ ఆలోచన నాది కాదు. తరుగుదల కోసం పాతబడిన తాత మగ్గం ఉదాహరణగా పనికి వచ్చింది. కొన్నప్పుడు ఇంత, పదేండ్లకు ఇంత, చివరికి కట్టెల ధర. అక్క చెప్పిన మాట, "అరుగుడు."

మిగిలిన చిక్కులు ఇలా సులువుగా తీరేవి కావు. రుసుములో కొంత నేను కడతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నువ్విస్తే నీ పేరు మీద జమ, నా పేరు మీద ఖర్చు. ఇప్పుడే గదా సదివిచ్చినవ్" అని తన చిట్టీ పైసలు తీసింది. చివరికి సగం సగానికి రాజీ కుదిరింది, అప్పుగా. జగిత్యాల సంబంధంవారికి కార్తీకం దాటే దాకా ఆగమని చెప్పారు. ఆగుతారో లేదో తెలియదు. మస్కట్ నుంచి బావ ఫోను చేసి, "బస్సుకైతే పైసలు గావాలె అనకు, పో" అని కూతురిని కసిరాడు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులలో ఆడవారికి టికెట్టు లేదు కనుక ఆయన ఖాతాలో ఆ ఒక్క ఖర్చు తగ్గింది. ఆ బస్సు లేని రోజులలో మా పల్లెల నుంచి డిగ్రీకి వెళ్ళే ఆడపిల్లలను ఇల్లు లెక్కగట్టి ఆపేది. ఇప్పుడు ఆపడానికి వేరే లెక్క వెతుక్కోవాలి.

సోమవారం నాడు ఆమె కళాశాలకు వెళ్ళింది. ఆ తరగతిలో మొదటి ఏడాది చేరినవారిలో చాలామంది మూడవ సెమిస్టరుకు రాలేదట. ఇద్దరికి పెండ్లిళ్ళు అయ్యాయి, ఒకడు గల్ఫుకు పోయాడు, ఒకడు హైదరాబాదులో ఇండ్లకు సామాను చేరవేసే పనిలో కుదిరాడు. వారెవరూ పరీక్ష తప్పినవారు కారని కూడా చెప్పింది. హాజరు పుస్తకంలో మాత్రం పేర్లున్నాయి. సారు రోజూ ఆ పేర్లన్నీ పిలుస్తాడట, ఎవరూ పలకకపోయినా.

నేను హైదరాబాదు చేరిన తరువాత కూడా వారానికి రెండు మూడుసార్లు నోటుపుస్తకం పుటల ఫొటోలు ఫోనుకు వస్తున్నాయి. నడిమి గడి నింపి పంపడం నా పని. ముప్పై ఏండ్ల కింద చదివిన మాటలు వెతుక్కుంటూ నేను కూడా ఒక సెమిస్టరు చదువుతున్నట్టే ఉంది. ఈ సెమిస్టరులో వారికి భాగస్వామ్య వ్యాపార ఖాతాలు. నిన్న వచ్చిన పుటలో మొదటి గడిలో 'గుడ్‌విల్' అని ఉంది. మా పాఠ్యపుస్తకంలో దానిని గుడ్‌విల్ అనే ఇంగ్లీషు మాటతోనే చదువుకున్నట్టు జ్ఞాపకం. కీర్తి అనాలా, పరపతి అనాలా అని నేను సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. మూడవ గడి మాత్రం అప్పటికే నిండి ఉంది, గుండ్రటి అక్షరాలతో: "మొకం జూసి ఇచ్చుడు."